చదివినవాని పద్దు, చదువవలసినవాని పద్దు

మన సాహిత్యచరిత్రకారులు కవుల జీవితకాలములను గూర్చియు, కృతిభర్తలను గూర్చియు, ఒక ప్రబంధము ముందు పుట్టినదా మరియొకటి ముందు పుట్టినదా యను వివాదములను గూర్చియు పుటలకొలది చర్చించిరి; కాని ఆ గ్రంథములను చేతబట్టి చదివినవారెవరు, ఎట్లు చదివిరి, ఏ ప్రకరణమువద్ద విసిగి మూసివేసిరి, దేనిని మరల మరల విప్పి చూచికొనిరి యను ప్రశ్నకు వారి రచనలలో సమాధానము దొరకుట అరుదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము 1880లో పుస్తకరూపమున వెలువడినదని నేటి విద్యార్థి సైతము చెప్పగలడు. ఆ పుస్తకమును వెలపెట్టి కొని యింటికి తీసికొనిపోయిన గృహస్థు దానిని ఎన్ని రాత్రులలో ముగించెనో, ఇంటిలోని ఆడువారికి చదివి వినిపించెనో లేదో, చదివిన పిమ్మట పొరుగువానికి ఇచ్చెనో అటుకపై పడవేసెనో చెప్పగలవారు లేరు. 1906లో హైదరాబాదున నెలకొన్న విజ్ఞానచంద్రికా మండలివారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రముతో ప్రారంభించి, చరిత్రగ్రంథములను, శాస్త్రగ్రంథములను తెలుగున అచ్చువేసి పాఠకులకు అందజేసిరి. జీవశాస్త్రమను పేరుగల తెలుగు పుస్తకమును జన్మలో మొదటిసారి విప్పిన పాఠకుని మనస్సున ఆనాడు కలిగిన సంచలనమెట్టిదో తెలిసికొనుటకు నేడు మనకు ఆధారము శూన్యము. రచయితల చరిత్ర మనకు కలదు. పాఠకుల చరిత్ర లేదు. చదివినదానిని వ్రాసియుంచు అలవాటు మనలో వేరూనకపోవుటయే ఈ లోపమునకు మూలమని నా విశ్వాసము.

అందుచే చదువరియైన ప్రతి గృహస్థుడును, గృహిణియు, విద్యార్థియు రెండు పద్దులు పెట్టుకొనవలెనని నేను కోరుచున్నాను: ఒకటి చదివిన పుస్తకములకు, రెండవది కొని తెచ్చియు ఇంకను చదువని పుస్తకములకు. పద్దు వ్రాయుట మనకు క్రొత్త విద్య కాదు. పెండ్లిపందిటిలో చదివింపులు వ్రాయుటకు నమ్మకమైన మనిషిని ఒకనిని ప్రత్యేకముగా కూర్చుండబెట్టి, ఎవరెంత చదివించిరో ఇరువది యేండ్ల తరువాత సైతము ఆ పుస్తకము తీసి చూచి, వారి యింట శుభకార్యము జరిగిననాడు తగినట్లు బదులు చెల్లించు సంప్రదాయము మనది. అంతటి శ్రద్ధ గల యిండ్లలోనే, ఒక మనిషి బుద్ధిని నలువది యేండ్లపాటు తీర్చిదిద్దిన గ్రంథముల పేర్లు ఒక్క కాగితముపైనను మిగులకుండుట నన్ను ఎంతయు బాధించు విషయము.

పూర్వము ఇట్లు ఉండలేదు. తాళపత్రములపై గంటముతో గ్రంథమును ప్రతివ్రాసిన లేఖకుడు పని ముగించిన తరువాత, కడపటి యాకున సంవత్సరనామమును, మాసమును, పక్షమును, తిథివారములను చెప్పి, ఎవరి కొరకు వ్రాసెనో వారి పేరు చెప్పి, మాతృకయందున్నట్లే వ్రాసితిని గాన తప్పులున్నచో మన్నింపుడని పెద్దలను వేడికొనుట పరిపాటి. సి.పి.బ్రౌను దొర కడప మొదలగు చోట్ల పండితులను నియమించి సేకరించి పరిష్కరింపజేసిన ప్రతులు గాని, మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నేడు భద్రముగా నున్న ప్రతులు గాని, వీనిని పరిశీలించు పండితులు మూలగ్రంథమును చూచినంత ఆదరముతో ఆ నాలుగు పంక్తులను చూతురు. ఏలయనగా ఒక కావ్యము ఏ సీమలో, ఏ కాలమున, ఎవరి యింట బ్రతికియుండెనో చెప్పునది ఆ పంక్తులే. అచ్చుయంత్రము వచ్చి లేఖకుని తొలగించినది. ఒక్కసారిగా వందలకొలది ప్రతులు ఒకే రూపమున వెలువడ నారంభించినవి. ఆ కడపటి యాకును పూరించు బాధ్యత అప్పటినుండి ప్రతి ప్రతిని కొన్న పాఠకునిపై పడినది. కాని ఆ సంగతిని పాఠకునికి చెప్పినవారు లేరు.

పూరింపవలసినది చాల స్వల్పము. గీతలున్న సాధారణపు నోటుపుస్తకము, దారముతో కుట్టినది, అట్ట గట్టిది దొరకిన చాలును. ఒక్కొక్క గ్రంథమునకు అరపుట విడిచి, కర్త పేరు, గ్రంథనామము, ముద్రణ సంవత్సరము, ఎచ్చట ఎప్పుడు లభించినది, చదువ మొదలిడిన తేది, ముగించిన తేది, ముగింపనియెడల ఆగిన పుట, ఇంతవరకు ఎవరైనను వ్రాయుదురు. నేను పట్టుబట్టి కోరునది దీని తరువాతి పంక్తిని. ఈ పుస్తకము నాకేల కావలసివచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానమును పుస్తకము ఇంటికి వచ్చిననాడే, సంచిలోనుండి తీసిన వెంటనే వ్రాయవలెను. ఆదివారము ఉదయము ఆబిడ్సు కాలిబాటలపై పరచిన పాత పుస్తకముల నడుమ వంగి వెదకునప్పుడు గాని, విజయవాడ పుస్తక మహోత్సవమున ఒక దుకాణమునుండి మరియొక దుకాణమునకు తిరుగునప్పుడు గాని, ఒకానొక పుస్తకమును చూడగనే చేయి దానంతట అదియే సాగుటకు మనస్సులో ఏదో ఒక హేతువు తప్పక యుండును. ఆ హేతువు అప్పటికి ఎంత స్పష్టమో, ఆరుమాసములు గడచిన పిమ్మట అంత అస్పష్టము. హేతువు మరచిపోయిన నాటినుండియే ఆ పుస్తకము బీరువాలో చోటు నాక్రమించు వస్తువుగా మారిపోవును.

నా నోటుపుస్తకమున కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికకు ఎదురుగా నున్న పంక్తి యిది: సురవరము ప్రతాపరెడ్డిగారు మాటిమాటికి ఉదాహరించుటచే. ఇంతే. ఈ ఒక్క పంక్తి నాకు ఆ గ్రంథమును ఎక్కడ ప్రారంభింపవలెనో, దేనికొరకు చదువవలెనో, చదువునప్పుడు ప్రక్కన ఏ పుస్తకమును తెరచి పెట్టుకొనవలెనో చెప్పుచున్నది.

ప్రతాపరెడ్డిగారి పేరు వచ్చినది గావున ఇక్కడ కొంత నిలువవలెను. 1949లో వెలువడి, తెలుగు గ్రంథములలో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును 1955లో మొట్టమొదట పొందిన ఆంధ్రుల సాంఘిక చరిత్రను శ్రద్ధగా చదివినవారికి, అది మహాపాఠకుడొకడు తన పఠనమునకు వ్రాసికొన్న పద్దు విస్తరించి గ్రంథమైనట్లు తోచక మానదు. రాజులు, యుద్ధములు, వంశవృక్షములు ఆయనకు ప్రధానము కాలేదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రము, క్రీడాభిరామము, ఆముక్తమాల్యద, కదిరీపతి శుకసప్తతి, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి మొదలగువానిని, అలంకారములను లెక్కించు పండితుని దృష్టితో గాక, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ నగలు పెట్టుకొనిరి, దేనిని నమ్మిరి, దేనికి భయపడిరి యని వెదకు దృష్టితో చదివి, కనబడినదానినెల్ల ఏరి, కాలక్రమమున అమర్చి, ఏ మాట ఏ గ్రంథమునుండి వచ్చినదో చెప్పుచు ఆయన ఆ చరిత్రను నిర్మించెను. ఇంతటి సామగ్రిని కేవలము జ్ఞాపకశక్తిపై ఆధారపడి కూర్చుట మానవసాధ్యము కాదు. చదువునప్పుడే గుర్తుపెట్టి ఏరియుంచినవాడే అట్టి గ్రంథమును వ్రాయగలడు. ఆ కావ్యములన్నియు అంతకుముందు ఎందరో చదివినవే. చదివి విడిచినవారికిని, చదివి వ్రాసికొన్నవారికిని గల వ్యత్యాసమునకు తెలుగున ఇంతకంటె గొప్ప నిదర్శనము నాకు తెలియదు.

ఇక, ఆ గ్రంథమును చదివి ముగించిన పాఠకుని బల్లపై ఏమి జరుగునో చూడుడు. ఒక పుస్తకము ముగిసెను. ఆరేడు పుస్తకములు క్రొత్తగా కావలసివచ్చెను. హంసవింశతి కావలెను, శుకసప్తతి కావలెను, పల్నాటి వీరచరిత్రము కావలెను. చదువని పుస్తకముల గుట్టను చూచి సిగ్గుపడువారు, ఇంటివారి యెదుట దోషులవలె తలవంచుకొనువారు ఈ సంగతిని గమనింపవలెను: ఆ గుట్టలోని పుస్తకములలో పెక్కు, చదివిన పుస్తకముల కడుపున పుట్టినవే. ఏమియు చదువనివాని యింట చదువని పుస్తకములు పేరుకొనవు. చదువు సాగుచున్నంత కాలము ఆ గుట్ట పెరుగుచునే యుండును, పెరుగవలెను కూడ. పఠనముకంటె ఆశ ఎల్లప్పుడును నాలుగడుగులు ముందుండుట పాఠకునికి ఆరోగ్యలక్షణము. గుట్ట పెద్దదగుటవలన వచ్చు హాని యేమియు లేదు. అందులోని ఒక్కొక్క పుస్తకము ఎందులకు వచ్చినదో తెలియకపోవుటవలననే హాని.

ఆ తెలివిడితో చూచినచో గుట్ట తనంతట తానే విడివడును. పఠనమువలన పుట్టిన పుస్తకములను గూర్చి చెప్పితిని. వానిని ఎన్ని యేండ్లయినను ఉంచుకొనవచ్చును, వాని వేళ వచ్చును. చౌకగా వచ్చినదన్న కారణము తప్ప వేరు కారణము వ్రాయుటకు తోచని పుస్తకములు కొన్ని యుండును. వానిని నిస్సంకోచముగా మరియొకరికి ఇచ్చివేయవలెను. మూడవ తెగ మాత్రము మన తెలుగుదేశమున ప్రత్యేకముగా ఆలోచింపదగినది. మనయందు కవియైనను కథకుడైనను తన పుస్తకమును తన సొమ్ముతోనే అచ్చువేయించుకొని, ఆవిష్కరణ సభలో కొన్ని ప్రతులు పంచి, మిగిలినవానిని సంచిలో వేసికొని తిరుగుచు, పరిచితులకు సంతకము చేసి యిచ్చుట సర్వసామాన్యమైపోయినది. అభిమానముతో అను మాటయు, తేదియు, సంతకమును గల అట్టి ప్రతులు నూటికి తొంబదివంతులు విప్పబడకయే యుండునని వానినిచ్చిన రచయితకును తెలియును, పుచ్చుకొన్న మనకును తెలియును. ఇది సాహిత్యమునకు మేలుచేయు మర్యాద కాదు. సంతకము చేసి యిచ్చిన పుస్తకము ఒక మనిషి చేసిన అభ్యర్థన; దానిని వేరొక పుటలో వ్రాసికొని, సంవత్సరము తిరుగకముందే కనీసము తొలి ప్రకరణములను చదివి, తోచినది రెండు వాక్యములలో ఆ రచయితకు తెలియజేయుట పుచ్చుకొన్నవారి విధి. మెచ్చుకొననక్కరలేదు. చదివితినని తెలిసిన చాలును. మన రచయితలలో అనేకులు ఆ మాటకైనను నోచుకొనకయే కాలము గడపుచున్నారు.

పుస్తకములను అరువు తీసికొని మరల తేనివారిని గూర్చి కూడ ఒక పుట కేటాయించుట మంచిది. దానిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు.

సంఖ్యను గూర్చి మాత్రము చెప్పవలసినది కలదు. ఈ సంవత్సరము ఏబది పుస్తకములు చదివెదను, నూరు చదివెదను అని జనవరి మాసమున ప్రకటించి, ఫోనులోని పట్టికలలో అంకెలు పెంచుకొనుచు, డిసెంబరునాటికి లెక్క సరిచూచుకొను వాడుక ఇటీవల మన యువకులలో ప్రబలుచున్నది. వారి ఉత్సాహమును నేను తక్కువ చేయను. ఏ కారణముచేతనైనను పుస్తకము పట్టువారు పట్టనివారికంటె ధన్యులు. అయినను ఈ లెక్క పఠనమునకు చేయు కీడు నిశ్చయమైనది. లెక్క పెరుగవలెననినచో చిన్న పుస్తకములు ముందునకు వచ్చును, పెద్ద పుస్తకములు వెనుకకు పోవును. విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు చదువుటకు పట్టు కాలములో పలుచని నవలలు పది ముగియును. పట్టికలో వేయిపడగలకు ఒక్క అంకె, వానికి పది అంకెలు. ఈ లెక్కకు లోబడిన పాఠకుడు తిక్కన భారత పర్వముల జోలికి పోవునా? పోయినను, నచ్చిన ఘట్టమువద్ద ఆగి, వెనుకకు మరలి, ఒక పద్యమును రెండుమారులు బిగ్గరగా చదివికొను ఓపిక వానికి మిగులునా?

మన పూర్వులకును లెక్క కలదు, కాని దాని స్వభావము వేరు. భాగవతమును ఏడు దినములలో సప్తాహముగా, రామాయణమును తొమ్మిది దినములలో నవాహముగా పారాయణము చేయువారు ఏ దినము ఎచ్చట ఆరంభింపవలెనో ఎచ్చట విరమింపవలెనో నియమము పెట్టుకొందురు. నియమము దినములకే గాని పుస్తకముల సంఖ్యకు కాదు. ముగించిన మరుసటి సంవత్సరము అదే గ్రంథమును అదే శ్రద్ధతో మరల విప్పుదురు. జీవితమంతయు రామాయణమునే పారాయణము చేసిన వృద్ధురాలు నేటి పట్టికల ప్రకారము ఒక్క పుస్తకము చదివినదగును. ఆమె సుందరకాండమును యౌవనమున ఒకరీతిగా, పుత్రశోకము కలిగిన పిదప వేరొకరీతిగా చదివియుండును. ఆ రెండు పఠనములు రెండు గ్రంథములతో సమానము. కావున పద్దులో పునఃపఠనమునకు చోటుండి తీరవలెను. పాత పుటకే తిరిగిపోయి, క్రొత్త తేది వేసి, ఈ మారు ఏమి మారినదో వ్రాయవలెను. నోటుపుస్తకములో అన్నిటికంటె విలువైన పుటలు ఇట్లు రెండు మూడు తేదులున్న పుటలే యని అనుభవమున తెలియగలదు.

జ్ఞాపకశక్తి కలవారికి ఈ శ్రమయెందులకు అని అడుగువారికి చార్లెస్ డార్విను ఉదంతము చెప్పవలెను. ఆయన 1838 మొదలు 1860 వరకు, చదువవలసిన పుస్తకములకు ఒక పట్టికయు, చదివిన పుస్తకములకు ఒక పట్టికయు నోటుపుస్తకములలో వ్రాసికొనుచు వచ్చెను. నేను కోరుచున్న రెండు పద్దులు సరిగా ఇవియే. జీవజాతుల పుట్టుకను గూర్చిన ఆయన సిద్ధాంతమునకు ప్రేరకమైనది జనాభాను గూర్చి మాల్థసు రచించిన గ్రంథమని అందరును ఎరిగినదే. దానిని తాను 1838 అక్టోబరులో చదివితినని, దాదాపు నాలుగు దశాబ్దములు గడచిన పిమ్మట వ్రాసిన స్వీయచరిత్రలో డార్విను చెప్పెను. కాని ఆ కాలమున ఆయన తన ఆలోచనలు వ్రాసికొనుచు వచ్చిన వేరొక నోటుపుస్తకమున మాల్థసును గూర్చిన ముఖ్యమైన పంక్తులు సెప్టెంబరు 28వ తేదీకే కనబడుచున్నవి. భేదము కొలది దినములదే కావచ్చును. అంతటి మేధావికి, తన జీవితమునే మలపు త్రిప్పిన పుస్తకము విషయమున సైతము, జ్ఞాపకము తప్పినది, కాగితము తప్పలేదు. ఆ కాగితములుండుటచేతనే ఒక మహాభావము మనిషి తలలో ఏ వారమున మొలకెత్తినదో నేటి చరిత్రకారులు చెప్పగలుగుచున్నారు.

వ్యక్తులు వ్రాయకపోయినను, మన గ్రంథాలయములు కొంతవరకు ఈ పనిని చేసినవి. పాత గ్రంథాలయ పుస్తకమును దేనినైనను తీసి వెనుకయట్ట లోపల అంటించిన గడువు చీటిని చూడుడు. ఊదారంగు సిరాతో కొట్టిన తేదీల ముద్రలు, ఒకటి నిలువుగా ఒకటి వంకరగా, ఒక్కొక్కచోట ఒకదానిపై నొకటి పడి, మొదటి వరుసయంతయు క్రిక్కిరిసియుండును. రెండవ వరుసలో ఎడము హెచ్చును. మూడవ వరుస సగమునకు వచ్చి ఆగిపోవును. వేసవి సెలవులలో పుస్తకము పదునైదు దినములకొకసారి చేతులు మారినది. పిమ్మట ఏడాదికొకసారి. పిమ్మట లేదు. పేర్లు లేకపోయినను, ఒక యూరి చదువు పెరిగి తరిగిన తీరు ఆ చీటిపై నున్నది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభను సమకూర్చిన అయ్యంకి వేంకటరమణయ్యగారు, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును నెలకొల్పినవారు, 1935లో పుస్తకములను పడవకెక్కించి కాలువగట్టు గ్రామములకు చేర్చిన పాతూరి నాగభూషణముగారు, వీరందరి శ్రమకు ఫలితమేమి యనినచో ఆ ముద్రలే సాక్ష్యము. చీటి చిరిగినదని క్రొత్తది అంటించి పాతదానిని చెత్తబుట్టలో వేయు అలవాటు మన గ్రంథాలయములలో కలదు. దానిని మానవలెను, పాత చీటిని పుస్తకమునకే లోపల అంటించి ఉంచవలెను.

ఇంతకంటె పెద్ద నష్టము ఇండ్లలో జరుగుచున్నది. ఏబదియేండ్లు కూడబెట్టిన పుస్తకములు గల పెద్దమనిషి గతించును. కుమారుడు హైదరాబాదున, కుమార్తె అమెరికాలో ఉందురు. పెదనాన్నయో మేనమామయో ఇల్లు ఖాళీ చేయించు భారము వహించును. కర్మకాండలు ముగిసిన కొలది దినములకే పాతకాగితములవాడు కాటా తెచ్చి వాకిట కూర్చుండును. ఎవరికిని పుస్తకములపై ద్వేషము లేదు. ఏవి అరుదైనవో, ఏవి ఎవరికి పనికివచ్చునో, ఏ వరుస విడదీయరానిదో చెప్పగల కాగితము లేకపోవుటచే దుఃఖములో నున్న బిడ్డలు అన్నిటిని ఒక్కటిగా తూచి పంపివేయుదురు. హైదరాబాదున అబ్దుస్సమద్‌ఖాను అను పుస్తకప్రియుడు తన జీవితకాలమంతయు సేకరించిన ఉర్దూ గ్రంథములు, పత్రికలు నేడు సుందరయ్య విజ్ఞాన కేంద్రమున పరిశోధకులకు అందుబాటులో నున్నవి. ఒక వ్యక్తి యింటి సంచయము సమాజమునకు సంపదగా నిలుచుటకు అది మన నగరముననే యున్న ఉదాహరణము. తెలుగు పుస్తకములకు అట్టి భాగ్యము కలిగిన యిండ్లు చాల కొలది.

కావున గ్రంథాలయాధికారులకు నాదొక విన్నపము. ఎవరైన పుస్తకములు విరాళముగా ఇచ్చునప్పుడు పుస్తకములను మాత్రమే లెక్కించి పుచ్చుకొనుచున్నారు. దాత వ్రాసికొన్న నోటుపుస్తకమున్నదా యని అడుగుట లేదు, ఉన్నను అచ్చుపుస్తకము కాదని త్రోసివేయుచున్నారు. ఇకముందు అడుగవలెను. ఉన్నచో యాక్సెషన్ రిజిస్టరులో దానికి కూడ ఒక సంఖ్య నిచ్చి, ఆ విరాళపు పుస్తకములున్న బీరువాలోనే వానితోపాటు ఉంచి, కోరిన పరిశోధకునికి చూపవలెను. ఇందుకు క్రొత్త చట్టము అక్కరలేదు, ధనము అక్కరలేదు. జిల్లా గ్రంథాలయ సంస్థ ఒక్క ఉత్తరువు వెలువరించిన చాలును. అట్టి నోటుపుస్తకములు ఒక్కొక్క జిల్లాలో పదియైనను చేరిననాడు, తెలుగువారు ఏమి వ్రాసిరను చరిత్రకు ప్రక్కన తెలుగువారు ఏమి చదివిరను చరిత్రను వ్రాయ బూనువానికి మొదటిసారిగా ఆధారము దొరకును.